పెద్దవాళ్ళ ఫోటోలో ముడతలు ఉండాలి, మొహం కళగా రావాలి: ఎలా తీయాలి?

అప్పుఘర్_వాసి
షష్టిపూర్తి ఫోటోలు ఈమధ్య ఎక్కడ చూసినా ఒకటే వరస. మొహం సున్నం కొట్టిన గోడలా నున్నగా ఉంటుంది, మెడా చేతులూ మాత్రం అరవై ఏళ్ళవి. అరవై ఏళ్ళు బతికిన ఆనవాళ్ళన్నీ తుడిచేసి, కింద బంగారు అక్షరాలతో "షష్టిపూర్తి" అని రాయడం ఎందుకో తెలీదు. ముడతలు ముడతల్లాగే ఉంటూ మొహం బాగా రావాలంటే వెలుతురు, లెన్సు, ఎడిటింగు ఎలా చూసుకోవాలి? ఫోనుతో అవుతుందా? ఇంట్లో కిటికీ దగ్గర తీసి 12×18 అంగుళాల ఫ్రేము కట్టించాలి. తెలిసినవాళ్ళు కొలతలతో సహా చెప్పండి.

లాసన్స్‌బే_లెన్స్
ముడత అనేది రంగు కాదండీ, నీడ. చర్మంలో పల్లం ఉన్నచోట ఒక అంచు వెలుగుతుంది, రెండో అంచు చీకటవుతుంది. అదే మనకి గీతలా కనిపిస్తుంది. అంచేత ముడత ఎంత కనబడాలో తేల్చేది వెలుతురు వచ్చే కోణం. ఎదురుగా కొట్టిన ఫ్లాష్ పల్లాలన్నీ పూడ్చేస్తుంది. పక్కనుంచి రాసుకుంటూ వచ్చే వెలుతురు దుక్కి దున్నిన చాళ్ళలా చూపిస్తుంది. మనకి కావలసింది ఈ రెంటికీ మధ్య.

చేతులున్న కుర్చీ ఒకటి కిటికీకి మూడడుగుల దూరంలో వేయండి. ఎండ నేరుగా పడని కిటికీ కావాలి, అంటే పొద్దున్న పడమటి గది, సాయంత్రం తూర్పు గది. కిటికీ వెలుతురు మొహానికి 45 డిగ్రీల వాలులో పడేలా కుర్చీ తిప్పండి. గదిలో లైట్లన్నీ ఆపేయాలి, ముఖ్యంగా నెత్తిమీది ట్యూబులైటు. కళ్ళు గుంటల్లో పడిపోయినట్టు చేసేది అదే. అవతలి బుగ్గ వైపు తెల్ల థర్మోకోల్ అట్ట ఒకటి పట్టుకోమని ఎవరికైనా చెప్పండి. దాన్ని దగ్గరికి తెస్తూ, దూరం జరుపుతూ ముక్కు పక్కనుంచి పెదవి చివరకి దిగే గీతను గమనించండి. గీత కనబడాలి, కత్తితో కోసినట్టు నల్లగా ఉండకూడదు. అలా కుదిరిన చోట అట్ట ఆపండి. మామూలుగా రెండు రెండున్నర అడుగుల దగ్గర కుదురుతుంది.

మన అపార్ట్‌మెంట్లలో పెద్ద తలనొప్పి గ్రిల్. ఎండ కాస్త నేరుగా పడినా మొహం మీద చారలు పడతాయి. ఆకుపచ్చ రంగేసిన గ్రిల్లైతే దగ్గరున్న బుగ్గకి ఆ ఛాయ కూడా అంటుతుంది. పలచటి తెల్ల పంచె ఒక్క మడత కిటికీకి అడ్డం కట్టండి, రెండూ పోతాయి.

లెన్సు సంగతి: ఫుల్ ఫ్రేము (పెద్ద సెన్సరున్న కెమెరా) లెక్కలో 85 నుంచి 105 ఎంఎం. ఫోనైతే 2 ఎక్స్ గానీ 3 ఎక్స్ గానీ పెట్టి ఐదారడుగుల దూరం నుంచి తీయండి. 1 ఎక్స్‌లో దగ్గరికెళ్ళి తీస్తే ముక్కు ముందుకొస్తుంది, చెవులు వెనక్కి పోతాయి, నుదుటి గీతలు విల్లులా వంగుతాయి. ఎఫ్/1.8 (లెన్సు కన్ను బాగా తెరిచి, ఫోకస్ లేనిదంతా మసకచేసే సెట్టింగు) మీద మోజు వద్దు. కన్ను పదునుగా ఉండి చెవి దగ్గరి ముడతలు మసకబారితే మొహం ముక్కలైనట్టుంటుంది. ఎఫ్/5.6 పెట్టి దగ్గరి కంటి మీద ఫోకస్ చేయండి. పెద్దవాళ్ళ తల సన్నగా కదులుతూ ఉంటుంది కాబట్టి షట్టరు వేగం సెకనులో 1/160 వంతు కంటే నెమ్మదిగా వద్దు. అవసరమైతే ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సరు సున్నితత్వం) 800కి పెంచండి, నష్టం లేదు.

ఫోనులో ముందు చేయాల్సిన పని: బ్యూటీ, ఫేస్ స్మూతింగ్ లాంటివన్నీ సున్నాకి దించడం. పోర్ట్రెయిట్ మోడ్ కూడా వద్దు. నెరిసిన సన్నటి వెంట్రుకల్ని అది గోడలో కలిపేసి, తల చుట్టూ కత్తెరేసినట్టు చేస్తుంది.

జాలారిపేట_కుర్రోడు
ఇంట్లో ఎందుకండీ, ఎదురుగా ఇంత సముద్రం ఉండగా. బీచ్‌లో తీస్తే ఏటవుద్ది?

లాసన్స్‌బే_లెన్స్
టైము తప్పితే కళ్ళు చికిలించిన మొహం వస్తది. చికిలించినప్పుడు కనుబొమలు దగ్గరకొచ్చి మధ్యలో నిలువు గీతలు పడతాయి, మనిషి కోపంగా ఉన్నట్టు కనిపిస్తాడు. నవ్వు గీతలు వేరు, ఎండ గీతలు వేరు.

మన విశాఖ ఆర్కే బీచ్‌లో సముద్రం ఆగ్నేయం వైపు. డిసెంబరులో సూర్యుడు దాదాపు ఎదురుగా లేస్తాడు. జూన్‌లో బాగా ఎడమకి, కైలాసగిరి కొండ వైపుకి జరిగి వస్తాడు. జనవరి మొదట్లో సుమారు ఆరున్నరకి, జూన్‌లో ఐదుం పావు దాటాక. సూర్యుడు రావడానికి పావుగంట ముందు నుంచి వచ్చిన ఐదు నిమిషాల దాకా వెలుతురు మెత్తగా ఉంటుంది. మనిషిని సముద్రానికి పక్కగా, తీరం వెంబడి చూసేలా నిలబెట్టండి. ఏడు దాటితే సామాన్లు సర్దుకోవడమే.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఏసీ గదిలోంచి, ఏసీ కారులోంచి తీసిన కెమెరా బయట తెరవగానే లెన్సు చెమరుస్తుంది. మూతేసిన బ్యాగులోనే అరగంట ఉంచి తర్వాత తీయండి. రెండోది ఉప్పు తుంపర. పది నిమిషాలకే లెన్సు ముందుండే ఫిల్టరు మీద కంటికి కనిపించని పొర కట్టి, ఫోటో పాలు కలిసినట్టు తెల్లబోతుంది. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. మైక్రోఫైబర్ గుడ్డ కాస్త తడిపి ముందు అద్దండి, ఆ తర్వాత తుడవండి.

మందుల_మాస్టారు
వెలుతురు గురించి చెప్పారు కాబట్టి గీతల గురించి నాలుగు మాటలు. మొదటి రకం, మొహం కదలికల వల్ల వచ్చే ముడత. అది ఎప్పుడూ కండరం లాగే దిక్కుకి అడ్డంగా పడుతుంది. నుదుటి కండరం పైకీ కిందకీ లాగుతుంది, గీతలు అడ్డంగా వస్తాయి. కనుబొమల మధ్య కండరం లోపలికి లాగుతుంది, గీతలు నిలువుగా వస్తాయి. కంటి చివర విసనకర్రలా పరుచుకునేవి కంటి చుట్టూ ఉండే గుండ్రటి కండరం పని. ఈ కండరాన్ని ఉత్తుత్తి నవ్వుతో కదిలించడం చాలామందికి చేతకాదు. పెదవులు మాత్రం సాగుతాయి. ఫ్రెంచి వైద్యుడు డుషెన్ 1862లోనే దీన్ని ఫోటోలతో సహా చూపించాడు. కాబట్టి "నవ్వండి, నవ్వండి" అంటే వచ్చేది పెదవుల నవ్వే.

రెండో రకం ఎండ ముడతలు. సన్నగా, అడ్డదిడ్డంగా, మెడ వెనక తోలు చెక్కినట్టు ఉంటాయి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ రకాన్ని అద్దం చాలావరకు ఆపుతుంది, యూవీఏ మాత్రం అద్దంలోంచి లోపలికొస్తుంది. 2012లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 28 ఏళ్ళు సరుకుల వ్యాను నడిపిన ఒక అమెరికన్ ఫోటో వేశారు. ఎడమ బుగ్గంతా లోతైన ముడతలు, కుడి బుగ్గ దానికన్నా పదేళ్ళు చిన్నవాడిదిలా ఉంటుంది. అక్కడ డ్రైవరు సీటు ఎడమ పక్క. మన బస్సులకీ లారీలకీ కుడి పక్క, కాబట్టి ఇక్కడ పాత డ్రైవర్లకి కుడి బుగ్గ చూడాలి. విశాఖ అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. హార్బరులో వలలు లాగినవాళ్ళ మెడ, ఓడల యార్డులో పనిచేసినవాళ్ళ ముంజేతులు అలా ఎందుకుంటాయో వేరే చెప్పక్కర్లేదు.

ఆడవాళ్ళలో ఇంకోటి. ముట్లు ఆగిన మొదటి ఐదేళ్ళలో చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ దాదాపు 30 శాతం తగ్గుతుంది. అందుకే కొందరికి ఆ వయసులో ఉన్నట్టుండి మొహం మారినట్టు అనిపిస్తుంది. క్రీము రాయకపోవడం వల్ల వచ్చింది కాదు అది.

సీతమ్మధార_గృహిణి
మాస్టారూ, ఫంక్షన్‌కి ముందు బ్యూటీ పార్లర్‌లో ఫేషియల్, బ్లీచ్ చేయించమంటారా వద్దంటారా? ఆ రోజు పౌడరైనా రాయొచ్చా?

మందుల_మాస్టారు
వద్దమ్మా. ఆ వయసు చర్మంలో నూనె తక్కువ, పైపొర పలచన. బ్లీచ్ వల్ల ఎర్రబడితే తగ్గడానికి వారం పట్టొచ్చు. పదిహేను రోజుల ముందు నుంచి ఇలా చేస్తే చాలు: గోరువెచ్చని నీళ్ళతో స్నానం, పది నిమిషాలకి మించకుండా. సబ్బు చంకలకీ గజ్జలకీ పాదాలకీ మాత్రమే. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే మూడు నిమిషాల లోపు వాసన లేని మాయిశ్చరైజరు గానీ పెట్రోలియం జెల్లీ పలచగా గానీ. కాళ్ళు చేపపొలుసుల్లా ఉంటే 10 శాతం యూరియా క్రీము. పగుళ్ళు విచ్చుకుని ఉంటే యూరియా మండుతుంది, అక్కడ జెల్లీయే నయం.

సున్నిపిండి పెడితే మెత్తగా రాసి కడిగేయండి. గరగరా రుద్దితే ముంజేతుల మీద నేరేడుపళ్ళ రంగు మచ్చలు తేలతాయి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడేవాళ్ళకి మరీ.

పౌడరు అసలొద్దు. ముడతలోకి దిగి తెల్ల గీతలా కూర్చుంటుంది, చెమట పడితే పిండి ముద్ద. నూనె మెరుపు ఉంటే పాత నూలుగుడ్డతో అద్దండి.

గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. "వారంలో తెల్లబడతారు" అని కొట్లో చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం సిగరెట్ కాయితంలా పలచబడి ఎర్ర నరాలు బయటపడతాయి. మానేస్తే మంట. వీటిని 2018లో షెడ్యూల్ హెచ్ కిందకి తెచ్చారు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారన్నది అందరికీ తెలిసిందే.

సీతమ్మధార_గృహిణి
నుదుట బొట్టు చోట తెల్లమచ్చ ఉంటే అది కూడా వయసేనా?

మందుల_మాస్టారు
చాలావరకు స్టిక్కరు జిగురు వల్ల వచ్చేది. స్టిక్కరు మానేసి చర్మం డాక్టరుకి చూపించండి, తొందరగా మానేస్తే రంగు తిరిగొచ్చే అవకాశం ఉంది. వయసు ఖాతాలో వేయకూడనివి ఇంకా ఉన్నాయి: నెల దాటినా మానని పుండు, పెరుగుతున్న లేదా రక్తం కారే మచ్చ, ఒళ్ళంతా దురద (కిడ్నీ, లివర్, థైరాయిడ్ చూడాలి), ఇంట్లో అందరికీ రాత్రిపూట దురద (అది గజ్జి), బరువు తగ్గి రెండు మూడు నెలల్లో చర్మం వేలాడటం. ముడతలు అందమే గానీ ఇవి కాదు.

జగదాంబ_స్టూడియో
అందరూ స్టూడియోవాళ్ళని తిడుతున్నారు గానీ, ముడతలు తీయకుండా ఇస్తే "మా నాన్నగారు ఇంత ముసలాడిలా ఉన్నారేంటి" అని ఫైలు మొహాన కొట్టేది కస్టమరే. తీస్తే మాదే తప్పు, తీయకపోతే మాదే తప్పు.

డార్క్‌రూమ్_డాబా
కస్టమరు అడిగేది ముడతలు తీయమని కాదు గురువుగారూ, అలసట తీయమని. ఆ తేడా చెప్పడం ఆయనకి రాదు. కళ్ళ కింద నీడ, ఎర్రబడిన ముక్కు, వాలిన పెదవి చివరలు... "ముసలాడిలా" అనిపించేవి ఇవి. గీతలు కావు.

రెండు వారాల లెక్క పెట్టుకోండి. రెండు వారాల్లో తనంతట తాను పోయేది చెరపొచ్చు: గడ్డం గీసుకున్నప్పటి గాటు, మొటిమ, కళ్ళజోడు ముక్కు మీద నొక్కిన గుంట, సూది గుచ్చిన చోట కమిలిన మచ్చ. పోనిది ముట్టుకోకూడదు: ముడత, పుట్టుమచ్చ, పాత గాయం, చెవికమ్మల బరువుకి సాగిన చెవి తమ్మె.

చేసే పద్ధతి: ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అనే ఎడిటింగు పద్ధతిలో రంగు పొరా గరుకు పొరా విడదీసి, గరుకు పొరను అలాగే వదిలేయండి. రంగు పొర మీదే మెత్తటి బ్రష్‌తో మరకల్లాంటి ఎరుపును సరిచేయండి. కంటి కింద నీడకి వేరే లేయరు వేసి డాడ్జ్ చేసి (అంటే అక్కడ వెలుగు పెంచి), ఒపాసిటీ (లేయరు గాఢత) 25 శాతం దగ్గర ఆపండి. 40 దాటిందా, కళ్ళ కింద పేపరు అంటించినట్టే. మొత్తం మీద ఒకేసారి నునుపు చేసే ప్లగిన్లు వద్దు. మొహానికి పనిచేసి మెడకి పనిచేయవు. పైన అప్పుఘర్ గారు చెప్పిన సున్నం గోడ అలా వస్తుంది.

దీనికి ఎదురు తప్పు కూడా అంతే పెద్దది. ముడతలు గొప్పవని క్లారిటీ (గరుకుని పెంచే స్లైడరు) 60కి లాగి, నలుపుతెలుపు చేసి, మనిషిని ఎండిన చెరువులా చూపించడం. పోటీలకి పంపే ఫోటోల్లో ఇది మరీ ఎక్కువ. క్లారిటీ 10 దాటక్కర్లేదు. నలుపుతెలుపులోకి మార్చేటప్పుడు ఎరుపు, నారింజ స్లైడర్లు చూసుకోండి. మన చర్మం రంగంతా ఆ రెండింట్లోనే ఉంటుంది. పెంచితే చర్మం తెల్లబడి మచ్చలూ గీతలూ కలిసిపోతాయి, తగ్గిస్తే ప్రతి మచ్చా బొగ్గుతో పెట్టినట్టు తేలుతుంది. సున్నా దగ్గర మొదలెట్టి 5, 10 లోపే తిరగండి.

జగదాంబ_స్టూడియో
రెండు వారాల లెక్క బాగుంది. ఆర్డరు రాసుకునేటప్పుడే చెప్పేయొచ్చు. ఫంక్షన్ హాల్లో తీసేవాటి సంగతేంటి? అక్కడ కిటికీలూ లేవు, థర్మోకోలూ లేదు.

డార్క్‌రూమ్_డాబా
పోర్ట్రెయిట్ అక్కడ తీయొద్దు. కలశస్నానం అయ్యాక తల తడి, వీడియో లైటు కళ్ళలోకి, షామియానా రంగు మొహం మీదకి. నారింజ షామియానా కింద తీసిన తెల్లజుట్టు ఎంత దిద్దినా మామూలవదు. పొద్దున్న పీటల మీద కూర్చోకముందు, బట్టలు కట్టుకున్నాక ఓ 20 నిమిషాలు అడిగి ఇంట్లోనే తీసేయండి. మొహానికి పసుపు రాసి ఉంటే ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తాను రంగులు సరిచేసుకోవడం) దాన్ని తగ్గించబోయి చర్మాన్ని నీలి ఛాయలోకి నెడుతుంది. తెల్ల పంచె మీద కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకోండి. నెరిసిన జుట్టు వెంట్రుకలు తేలకుండా తెల్లగా కాలిపోకుండా ఎక్స్‌పోజరు మూడో వంతు స్టాపు (-0.3) తగ్గించడం మంచిది.

పెదవాల్తేరు_పంతులమ్మ
ఫంక్షన్ సంగతొచ్చింది కాబట్టి ఒక లెక్క. వెయ్యి పున్నములు చూసినవాళ్ళకి చేసే సహస్ర చంద్ర దర్శనం ఎప్పుడు చేయాలని అడిగేవాళ్ళు చాలామంది. పున్నమికీ పున్నమికీ మధ్య సగటున 29.53 రోజులు. వెయ్యి పున్నములంటే 80 ఏళ్ళ 10 నెలలు చిల్లర. నెలకొకటి చొప్పున వెయ్యి నెలలు లెక్కపెట్టేవాళ్ళకి 83 ఏళ్ళ 4 నెలలు వస్తుంది. ఇంటి ఆనవాయితీ ఏదో పురోహితుణ్ణి అడిగి పెట్టుకోవడమే. ఫోటో మాత్రం 80కే తీసి ఉంచండి.

నవ్వు గురించి మాస్టారు చెప్పినదానికి ఒక ఉపాయం: నవ్వమని అనకండి. కెమెరా పక్కన ఒకరు నిలబడి, వాళ్ళకి బాగా తెలిసిన పని గురించి కావాలనే తప్పు చెప్పాలి. "ఆవకాయకి కారం ఎంతో ఉప్పు దానికి రెండింతలు కదా" అనండి. ముందు కనుబొమలు ముడిపడతాయి, అప్పుడు తీయొద్దు. సరిదిద్దడం మొదలెట్టాక, రెండో వాక్యం దగ్గర కంటి చివర విసనకర్ర విచ్చుకుంటుంది. అప్పుడు తీయండి.

అప్పుఘర్_వాసి
ఇది భలే ఉంది. కళ్ళజోడు తీయించాలా? కట్టుడు పళ్ళు?

లాసన్స్‌బే_లెన్స్
రోజూ పెట్టుకునే జోడైతే తీయించొద్దు. తీస్తే ముక్కు మీద గుంటలు, చూపు తేలిపోతుంది. అద్దంలో కిటికీ కనబడితే జోడు కాడల్ని చెవి మీద ఒక అర అంగుళం పైకి లేపండి, అద్దాలు కిందకి వాలి మెరుపు పోతుంది. రంగు మారే అద్దాలు వెలుతురులో నల్లబడతాయి, పాత జోడు ఉంటే అది.

కట్టుడు పళ్ళు రోజూ పెట్టుకునేవాళ్ళైతే పెట్టుకోవాలి. లేకపోతే ముక్కుకీ గడ్డానికీ మధ్య దూరం తగ్గి పెదవి చుట్టూ ఉన్న గీతలన్నీ ఒకచోటికి చేరతాయి. రోజూ పెట్టుకోనివాళ్ళకి ఫోటో కోసం పెట్టించొద్దు, నోరు పట్టేసినట్టొస్తుంది. తీసేముందు గుక్కెడు నీళ్ళు తాగించండి.

చేతులు మర్చిపోవద్దు. చేతికర్ర మీద ఒకదానిపై ఒకటి పెట్టిస్తే మొహానికి తోడు మంచి సాక్ష్యం. నరాలు మరీ ఉబ్బి ఉంటే చేతులు ఒక నిమిషం భుజాల పైకి ఎత్తించి దింపండి, తగ్గుతాయి.

గాజువాక_పెన్షనర్
చేతులంటే గుర్తొచ్చింది. వేలి గీతలు అరిగిపోయి పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్‌కి వేలిముద్ర పడని వాళ్ళకి దారేంటి?

మందుల_మాస్టారు
వేళ్ళు కడిగి, కొంచెం మాయిశ్చరైజరు రాసి తుడిచి, పదివేళ్ళూ ప్రయత్నించండి. పొడి చర్మం వల్ల పడనివి కొన్ని పడతాయి. కాకపోతే కనుపాప, అదీ కాకపోతే మొహం. జీవన్ ప్రమాణ్‌లో (డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్) మొహంతో ధ్రువీకరించే పద్ధతి 2021 నవంబరు నుంచి ఉంది. ఫోనులో జీవన్ ప్రమాణ్ యాప్‌తో పాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ కూడా ఉండాలి. చాలామందికి ఫెయిలయ్యేది వెనక కిటికీ ఉండటం వల్ల. పైన చెప్పిన కిటికీ వెలుతురే దీనికీ: మొహం కిటికీ వైపు, రెప్ప ఒకసారి ఆర్పడం.

నిర్వాహకులు
పెన్షన్ ప్రశ్నలకి వేరే చర్చ ఉంది, అక్కడ అడగండి. ఇక్కడ ఫోటో సంగతే.

జగదాంబ_స్టూడియో
ప్రింటు సంగతి నేను చెప్తాను. 12×18కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 3600×5400 పిక్సెళ్ళు, సుమారు 19 మెగాపిక్సెళ్ళు. గోడ మీద అయిదడుగుల నుంచి చూసేదానికి 200 డీపీఐ చాలు, అంటే 2400×3600. ఫోను ఫైలే సరిపోతుంది, వాట్సాప్‌లో ఫోటోగా పంపకుండా డాక్యుమెంటుగా పంపితే. ఫోటోగా పంపితే కుదించేస్తుంది, ముందు పోయేవి సన్నటి గీతలే.

కాగితం మ్యాట్ తీసుకోండి. గ్లాసీ మీద హాల్లో ట్యూబులైటు ప్రతిబింబం సరిగ్గా నుదుటి మీద పడుతుంది. ఫ్రేములో ఫోటోకీ అద్దానికీ మధ్య అట్ట మౌంటు తప్పనిసరి. మన ఊరి చెమ్మకి అద్దానికి అంటుకున్న ఫోటో ఊడి రాదు, లాగితే మొహం అద్దంతో పోతుంది. సముద్రం వైపు గోడకీ, బాత్రూం గోడకీ తగిలించొద్దు. ఫ్రేము వెనక నాలుగు మూలలా రబ్బరు బుడిపెలు అంటిస్తే గాలి ఆడి బూజు పట్టదు.

అప్పుఘర్_వాసి
చివరి ప్రశ్న. ల్యాబువాళ్ళు మళ్ళీ నునుపు చేసేస్తే?

జగదాంబ_స్టూడియో
చేస్తారు. చాలా మెషీన్లలో ఆటో కరెక్షన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, ఎవరూ మీట నొక్కక్కర్లేదు. "కరెక్షన్ వద్దు, ఉన్నదున్నట్టు" అని ఆర్డరు చీటీ మీద రాయించండి. చీటీ పోతుంది కాబట్టి ఫైలు పేరులో కూడా పెట్టండి. ముందు 4×6 ఒకటి వేయించి, కంటి చివర గీతలు వేలితో లెక్కపెట్టి ఫోనులో ఉన్న ఫోటోతో సరిచూసుకోండి. సరిపోతే పెద్దది వేయమనండి.